చివరింటి చప్పుడు

వాల్వుమన్ గుంత మీది ఇనప మూత పక్కకు లాగి, పొడవాటి కడ్డీ లోపలికి దించి, ఒళ్ళంతా మోపి తిప్పాడు. పాత వాల్వు కాసేపు మొండికేసి, మూలిగి, చివరికి దారికొచ్చింది. పొడుగు వీధికి నీళ్ళు బయల్దేరాయి.

గుంత పక్కనే గొంతుక్కూర్చుని కడ్డీ పైకొనకు చెవి ఆనించాడు. తెలియనివాళ్ళు చూస్తే మతి పోయిందనుకుంటారు. ఆ వీధిలో వేసింది ఇనప గొట్టం. చివరింట్లో కుళాయి మీద కొడితే ఇక్కడ కడ్డీలో వినిపిస్తుంది. ఆ చివరిల్లు సూపర్వైజరుది.

నీళ్ళ శాఖలో అంత పెద్ద ఉద్యోగం చేసినవాడు ట్యాంకు పక్కనే ఇల్లు కట్టుకుంటే ఎవరు కాదంటారు? ఆయన మాత్రం వెతికి వెతికి, నీళ్ళు ఏడ్చుకుంటూ చేరే ఎత్తు మీద, గొట్టం ఆగిపోయేచోట కట్టుకున్నాడు.

"నాకొచ్చాయంటే అందరికీ వచ్చినట్టేరా. మూడు దెబ్బలు కొడతాను. అందాకా వాల్వు కట్టొద్దు. కొట్టాక క్షణం ఆగొద్దు, బడి వీధివాళ్ళూ మనుషులే" అన్నాడు.

రిటైరయ్యాక కూడా కొట్టడం మానలేదు. ఉద్యోగంలో ఉన్న రోజుల్లో, ఇతను టైఫాయిడుతో మంచమెక్కినప్పుడు ఆయనే వచ్చి వాల్వు తిప్పి, ఆ తర్వాత ఆఫీసుకెళ్ళేవాడు. ఊరంతా లేచి దండం పెట్టే మనిషి సాయంత్రమైతే ఇతని గుమ్మంలో పేక పరిచేవాడు. నీళ్ళ దగ్గర ధర్మరాజు, పేక దగ్గర శకుని. అదీ చేతకాని శకుని, తొండి చేసి మరీ ఓడిపోయేవాడు.

నిన్న సాయంత్రం రాలేదు. ఆయాసంగా ఉందని ఆయన ఇంటావిడ, వదిన, కబురు చేసింది. నీళ్ళు వదిలాక వెళ్ళి చూద్దామనుకున్నాడు.

కడ్డీలో నీటి హోరు తప్ప ఏమీ లేదు. చెవి మార్చి ఆనించాడు. బడి వీధి ఇస్త్రీ ఆమె ఖాళీ బిందె చంకనెట్టుకుని వచ్చింది.

"ఏం బాబాయ్, నీళ్ళు మా వీధి దారి మర్చిపోయాయా?"

"అన్న ఇంకా కొట్టలేదమ్మా."

"నిద్రపట్టిందేమో. కట్టేసి మాకు వదులు."

వదలొచ్చు. కానీ కడ్డీ తిప్పితే, ఆయన ఇక కొట్టడని తను ఒప్పుకున్నట్టే. చెయ్యి కదల్లేదు. వెళ్ళి చూద్దామంటే కాళ్ళూ లేవలేదు. భయం లేదు, ఏడుపూ లేదు. చలికి కొంకర్లు పోయిన వేళ్ళలా లోపలంతా మొద్దుబారింది.

"పిల్లలు బడికెళ్ళాలి బాబాయ్." ఈసారి ఆమె గొంతులో వేళాకోళం లేదు.

అప్పుడు వినిపించింది. ఒక దెబ్బ. చాలాసేపటికి రెండోది. మూడోది దెబ్బ కూడా కాదు, ఏదో తగిలి జారినట్టు. ఆయన కొడితే పోలీసు తలుపు బాదినట్టుండేది. ఇది ఆయన చెయ్యి కాదు.

"కొట్టారా?"

"కొట్టారు."

క్షణం ఆగలేదు. ఆ వాల్వు కట్టేసి, పక్క గుంతలో బడి వీధిది విప్పాడు. ఆమె బిందెతో పరుగెత్తింది. అతను కడ్డీ భుజాన వేసుకుని, ఎప్పటిలాగే దారిలో కారుతున్న కుళాయిలు చూసుకుంటూ ఎత్తెక్కాడు.

గేటు దగ్గర నిలబడ్డ నలుగురూ అతన్ని చూసి దారిచ్చారు. వదిన మెట్టు మీద కూర్చుని ఉంది. చీర కుచ్చెళ్ళు తడిసిపోయాయి.

"తెల్లారగట్ల పోయారయ్యా. 'నేను లేవలేకపోతే నువ్వు కొట్టు, వాడు మొండివాడు, కట్టడు' అని రాత్రే చెప్పారు." ఆమె తడిసిన కుచ్చెళ్ళు పిండుకుంది. "బడి వీధికి వదిలావా?"

"వదిలాను వదినా."

పెరట్లోకి నడిచాడు. ఏళ్ళ తరబడి దెబ్బలు తిన్నచోట కుళాయి గొట్టం నున్నగా మెరుస్తోంది. కింద, నిండి పొర్లిన బిందె పక్కన, ఆయన పాత స్పానరు తడిసి పడి ఉంది.