పదకొండు సార్లు ఒకే మాట

డెబ్బై ఒకటి, మనిషి చచ్చిపోయేసరికి చేతి యంత్రంలో ఇంకా డెబ్బై ఒకటి శాతం బ్యాటరీ, ఎవరికోసం మిగిలినట్టు అది, తిరుపతిలో బస్సెక్కినప్పటి నుంచి భానుశ్రీ ఒళ్లోని సంచిలో ఆ అంకె కూర్చునే ఉంది, పక్కసీటు పెద్దామె మల్లెపూల గంప ఆమె కాళ్ల మీదికి జరిపి కొంచెం సర్దుకో పాపా అన్నా, కండక్టరు చిత్తూరా పలమనేరా అని రెండుసార్లు అడిగినా, పలమనేరు అని నోరు చెప్పింది గానీ మనసు డెబ్బై ఒకటి దగ్గరే పడి ఉంది, పోనీ సున్నా అయి ఉంటే, పాపం ఛార్జింగ్ అయిపోయింది అనుకుని ఏడ్చి ఊరుకునేది, ఇప్పుడు ఏడవడానికి కూడా మొహం లేదు.

బ్యాటరీ మిగిలేలా చెయ్యమని అసలు అడిగింది ఇమ్మానుయేలే, ఆ చచ్చిపోయిన మనిషే, పలమనేరు అవతల అడవి అంచున టమోటా తోటల పక్క మంచె మీద ఏనుగులకు కాపలా కాసేవాడు, ఏనుగులు కనబడితే యంత్రం మీది ఎర్ర బటన్ నొక్కాలి, కబురు పల్లెలో ఉన్న జట్టు పెద్ద సుబ్బన్న ఫోనుకు చేరాలి, సుబ్బన్న జీపులో మనుషుల్ని టపాకాయల్ని వేసుకుని రావాలి, ఏర్పాటు అంతే, కానీ ఈ మిసను మద్యానానికే సచ్చిపోతాండాది మేడమ్, ఏనుగులేమో పొద్దుగుంకేటప్పుడు గానీ రావు, మీరే ఏదన్నా సెయ్యండి అని నవ్వాడు, ముందుపళ్ల మధ్య సందున్న నవ్వు, భానుశ్రీ రెండు నెలలు కూర్చుని యంత్రం లోపలి డేటాబేస్‌ను తిరగరాసింది, సిగ్నల్ బలంగా లేనప్పుడు పంపితే బ్యాటరీ తాగేస్తుంది కాబట్టి పంపకు, దాచు, బలం వచ్చాక మూటగట్టి పంపు, ఒకే చోటు నుంచి ఒకే కబురు మళ్లీ మళ్లీ వస్తే అది కొత్త సంగతేం కాదు, ఏనుగు దూరంగా గుట్ట మీద ఉన్నా రోజుకు ముప్పైసార్లు నొక్కుతారు వీళ్లు, అన్నీ కలిపి ఒకటే చెయ్యి, అలా ఒక పూట బతికే యంత్రం మూడు రోజులు బతికింది, తిరుపతి ఆఫీసులో పెద్దాయన మునిచంద్ర సార్ అందరికీ మైసూర్‌పాకు పంచాడు, ఇమ్మానుయేల్ ఫోన్ చేసి మీ సెయ్యి సల్లగుండ మేడమ్ అన్నాడు, ఇదిగో ఈ చెయ్యే.

కాణిపాకం మలుపు రాగానే బస్సులో సగంమంది చేతులు జోడించారు, పూల పెద్దామె చెంపలు వేసుకుంది, భానుశ్రీ చేతులు మాత్రం సంచి వదల్లేదు, నెల కిందట సుబ్బన్న తలస్నానం చేసి తడిబట్టలతో వచ్చి నిలబడింది ఈ స్వామి ముందే, ఇమ్మానుయేల్ పోయిన ఆ సాయంత్రం నా ఫోనుకు ఏ కబురూ రాలా, వచ్చింటే పరిగెత్తిపోయేటోణ్ణి, ఇది అబద్ధమైతే నా కండ్లు పోనీ అన్నాడు, అది అక్షరాలా నిజం, రాలేదు, కాణిపాకంలో ప్రమాణం చేశాక ఇక మాటేముంది, సుబ్బన్నకు కబురు రాలేదంటే వీడు నొక్కలేదనే కదా, తాగి నిద్రపోయినాడు, ఏనుగు వచ్చి తొక్కింది అని ఊరంతా తేల్చేసింది, ఇమ్మానుయేల్ భార్య కృపారాణికి ప్రమాణం చెయ్యడానికి సాక్ష్యం కూడా లేదు, చర్చిలో కూర్చున్నా పక్కవాళ్లు గుసగుసలే, ఒకరోజు ఫోన్ చేసింది, మేడమ్, నాకింకేం వద్దు, ఒక్క మాట సెప్పండి, మా ఆయన నొక్కినాడా లేదా, చూసి చెప్తానమ్మా అంది భానుశ్రీ, అప్పటికే చూసింది, చూసి కూడా అలా అంది, సిగ్గు లేకపోతే సరి.

యంత్రం విప్పింది తనే, పదకొండు వరుసలు, ఐదూ యాభై రెండు నుంచి ఆరూ తొమ్మిది దాకా, కింద తను రాసిన మాటే, పదకొండూ ఒకటిగా కలిపాము, పంపవలసి ఉంది, అప్పుడు ఒక గీత సిగ్నల్ ఉంది, ఆ ఒక్క గీతతోనే కబురు పోయేది, కాస్త బ్యాటరీ తాగి ఉండేది అంతే, మునిచంద్ర సార్ తలుపు దగ్గరికి వేసి, సిగ్నల్ లేదు కాబట్టి కబురు నమోదు కాలేదు అని రాసెయ్ తల్లీ, ఒక గీత అంటే లేనట్టే, అబద్ధమేం కాదు కదా అన్నాడు, నిజమే, సుబ్బన్నదీ అబద్ధం కాదు, సార్‌దీ కాదు, అందరూ నిజాలే చెప్తుంటే తిరిగి మాట్లాడలేనివాడు ఒక్కడే తాగుబోతు అయ్యాడు, అలాగే రాసిన ఆ కాగితం కూడా సంచిలోనే ఉంది, తన సంతకంతో, పలమనేరులో సుబ్బన్న జట్టుకు ఇచ్చి రావాలి.

మొగిలి ఘాట్ ఎక్కుతుంటే ఫోన్ మూగబోయింది, దిగాక ఒక్కసారిగా మోగింది, తెర మీద ఒకే వరుస, అమ్మ, పక్కన బ్రాకెట్లో నాలుగు, నాలుగుసార్లు చేసింది, ఒకటే పని, ఒకసారి చేసి ఊరుకోదు కదా అని విసుగ్గా తిరిగి చేస్తే, ఏం లేదే, తిన్నావా అని అడుగుదామని చేస్తి, నువ్వు ఎత్తకపోతివి, ఇంక తిన్నావా లేదా అని కాదు, నువ్వు ఉండావా లేదా అని బయమైపోయింది, మళ్లీ మళ్లీ చేస్తి, అమ్మ ఇంకేదో అంటూనే ఉంది, భానుశ్రీకి వినబడలేదు.

మొదటిది తిన్నావా, తర్వాత మూడూ అది కాదు, ఒకే నంబరు, ఒకే మాట, కానీ అది కాదు, ఐదూ యాభై రెండుకు ఇమ్మానుయేల్ ఏనుగు దిగింది అని చెప్పాడు, ఐదూ యాభై నాలుగుకు ఎవరూ రాలేదని చెప్పాడు, ఆ తర్వాతివన్నీ ఏనుగు గురించి కావు, నేను ఈడే ఉండాను, నేను ఈడే ఉండాను అని ఆరూ తొమ్మిది దాకా పిలిచాడు, ఆ పిలుపుల్ని పాత కబురు అని కలిపేసింది తను, పలమనేరు బస్టాండులో కృపారాణి, వచ్చి కలుస్తానని ఫోనులో చెప్పినట్టే, నీళ్ల కుళాయి పక్కన నిలబడి ఉంది, పూలు లేని జడ, చేతిలో ఖాళీ గుడ్డ సంచి, భానుశ్రీ దిగుతూనే సంతకం పెట్టిన కాగితాన్ని నాలుగు ముక్కలు చేసింది, యంత్రం బయటికి తీసింది, నొక్కినాడమ్మా అంది, ఈసారి కలపకుండా, ఒక్కొక్కటే, ఐదూ యాభై రెండు అని మొదలుపెట్టింది.