చెరువుగట్టు మీద ఏసీ బస్సు

జనరేటరు మళ్లీ ఆగిపోయేసరికి హబీబు నోట్లో పళ్లపొడి ఉండగానే బస్సు వెనక్కి పరిగెత్తాడు. లుంగీ ఎగ్గట్టి, తాడు చుట్టి, ఒక్క లాగు లాగాడు. అది దగ్గి, ఇంత నల్లపొగ వదిలి, పనిలో పడింది. కిటికీ అద్దానికి ముక్కు ఆనించి, లోపల హీటరు కాయిలు ఎర్రబడేదాకా చూసి, అప్పుడు నోరు కడుక్కున్నాడు.

సినిమావాళ్ల దగ్గర సెకండ్ హ్యాండులో కొన్న కారవాన్ అది. లోపల మంచం, స్నానాలగది, నిలువుటద్దం. పైకప్పు మీద ఏసీ. తాడేపల్లిగూడెం మేడలో ఉండనని, ఆకివీడు అవతల తమ చేపల చెరువు దగ్గరే ఉంటానని ముసలి సుందరమ్మ మొండికేస్తే, కొడుకు కోదండరామయ్య దీన్ని తెచ్చి గట్టు మీద పెట్టించాడు. ఏలూరు నుంచి ఏసీ మెకానిక్కు హబీబును పిలిపించి, "ఏసీ ఆగకూడదు, అంతే" అన్నాడు. తీరా చూస్తే ఆవిడకు మే నెల ఎండలో కూడా చలి.

ఆ ఏసీకి చల్లబరచడమే వచ్చు. అందుకని హబీబు బ్లోయరు ముందు సొంతంగా ఒక కాయిలు బిగించాడు. పూర్తిగా పెడితే జనరేటరు మోయలేదు. సగం పెడితే ఆవిడ వణుకుతుంది. ఈ రెంటికీ మధ్య అతను రోజంతా తిరుగుతూనే ఉంటాడు. లోపలికొచ్చి ఆవిడ పాదం చూస్తాడు, బయటికెళ్లి జనరేటరు చప్పుడు వింటాడు. కూర్చుంటే లేస్తాడు. మీసాలు రాకముందే కైకలూరు ఐసు ఫ్యాక్టరీలో దిమ్మలు మోసి మోసి అతని వేళ్లు మొద్దుబారిపోయాయి. వేడో చల్లనో మణికట్టుతో చూసుకోవాల్సిందే. ఐసు తర్వాత ఫ్రిజ్జులు, ఆపైన పెళ్లిహాళ్ల ఏసీలు. ఒక మనిషికి వెచ్చదనం ఇమ్మని అతన్ని అడిగింది సుందరమ్మే.

డ్రైవరు బుల్లిరాజు తలుపు తీసి తల లోపలికి పెట్టాడు.

"ఏంటి బాబాయ్, ఇడ్లీలేవన్నా పెట్టావా లోపల? ఏసీ బస్సు కదాని వస్తే ఉడికిపోతన్నాం."

"తలుపెయ్యరా బాబూ, గాలొస్తంది."

దుప్పట్లోంచి సుందరమ్మ గొంతు వచ్చింది. "ఒరే హబీబూ, మావాడు ఫోను చేస్తే ఏసీ వేశానని చెప్పు."

"అలాగేనండి."

"నువ్వు అబద్ధమాడితే మాట వణుకుతుందిరా. కాస్త గట్టిగా చెప్పు."

"వణికేది మీరండి అమ్మగారూ."

ఆవిడ నవ్వింది. నవ్వు దగ్గులోకి తిరిగింది. హబీబు కాయిలు ఇంకాస్త పెంచి జనరేటరు దగ్గరికి పరిగెత్తాడు.

మధ్యాహ్నం అది మొరాయిస్తే ప్లగ్గు విప్పి గీకాడు, ఫిల్టరు దులిపాడు. అప్పుడు కుదిరింది. కాయిలు పూర్తిగా వెలుగుతున్నా జనరేటరు చప్పుడు మారలేదు. హబీబు లోపలికెళ్లాడు. సుందరమ్మ గోడవైపు తిరిగి పడుకుని ఉంది. అరికాలికి మణికట్టు ఆనించాడు. వెచ్చగా ఉంది. ఇన్నాళ్లలో ఎప్పుడూ లేనంత వెచ్చగా ఉంది.

బయటికొచ్చి బుల్లిరాజు పక్కన మేత బస్తా మీద కూలబడ్డాడు.

"ఏంటి బాబాయ్, నువ్వూ కూర్చుంటావా!"

"కాళ్లు కాలతన్నాయిరా ఆవిడకి" అన్నాడు హబీబు మురిసిపోతూ. చెరువు మీద కొంగలు లేచి, వాలి, మళ్లీ లేచేదాకా అలాగే కూర్చున్నాడు.

టీ తీసుకుని వెళ్లినప్పుడు చూశాడు, దుప్పటి కదలడం లేదు. పాదం ఇంకా వెచ్చగానే ఉంది. ఆ వేడి కాయిలుదని అతనికి అప్పుడు తెలిసింది.

బుల్లిరాజు ఫోను చేశాడు. కోదండరామయ్య పనిమీద విజయవాడ వెళ్లాడు, వచ్చేసరికి సాయంత్రం అవుతుంది.

"ఎండ చూశావుగా బాబాయ్. కైకలూరు నుంచి ఐసు దిమ్మలు చెప్పమంటావా?"

"ఐసొద్దు" అన్నాడు హబీబు. "నేను చూసుకుంటాను."

కాయిలు విప్పి పక్కన పెట్టాడు. ఏసీ నాబు మీద చెయ్యి వేసి చాలాసేపు నిలబడ్డాడు. తర్వాత తిప్పాడు. ఒక్కసారిగా కాదు, ఒక్కొక్క గీతే, మధ్యలో ఆగి దుప్పటి ఆవిడ భుజాల మీదికి లాగుతూ.

పొద్దు వాలుతుండగా కోదండరామయ్య వచ్చాడు. తల్లి కాళ్ల దగ్గర కూర్చుని ఏడ్చాడు. ఆవిణ్ణి తను తెచ్చిన అంబులెన్సులోకి చేర్చాక, వెళ్లబోతూ హబీబు భుజం మీద తట్టాడు. "చల్లగా ఉంచావయ్యా. మంచి పని చేశావు."

అంబులెన్సు గట్టు దిగి వెళ్లిపోయింది. జనరేటరు ఆపడానికి ముందు హబీబు బస్సు లోపల ఒకసారి చూశాడు. తలగడ కింద ఆవిడ కళ్లజోడు మిగిలింది. దాన్ని పట్టుకుని మెట్టు దిగేసరికి కొల్లేటి ఉక్కగాలి తగిలి రెండద్దాలూ తెల్లగా మసకబారాయి. చొక్కా అంచుతో తుడిచి మెట్టు మీద పెట్టాడు. అది మళ్లీ మసకబారింది.