గుర్తుచేసే మనిషి

"కూరలో రెండుసార్లు ఉప్పేశావు. బుర్ర ఎక్కడ పెట్టి వండుతున్నావు?" అన్నాడు మా ఆయన, కంచం పక్కకి నెట్టేసి. బుర్ర ఎక్కడ పోయిందో నాకు తెలుసు. బాత్రూమ్‌లో. ఆయనకీ తెలుసు, కాకపోతే ఆ సంగతి ఎత్తడం మా ఇంట్లో మర్యాద కాదు.

స్నానం చేస్తుంటే వీపుకి చలిగాలి కొడుతోందని వెంటిలేటర్‌కి అట్టముక్క అడ్డం పెట్టి టేపు అంటించిన మహానుభావుడు ఆయనే. పెళ్ళయిన దగ్గర్నుంచీ గోడకి మేకు కొట్టడానికి తీరిక దొరకని మనిషికి, తన వీపు దగ్గరికొచ్చేసరికి ఎక్కడలేని పనితనం పుట్టుకొచ్చింది. ఆ పక్కనే గ్యాస్ గీజర్. ఆయన స్నానం చిటికెలో అయిపోతుంది. ఆ తర్వాత ఆ బాత్రూమ్‌లోనే కూర్చుని, వేడినీళ్ళు వదులుకుంటూ, ఆయన కాలర్లూ అత్తగారి చీరలూ ఉతికేది నేను. హాల్లోకి నీళ్ళు చిందుతాయని తలుపు వేయించేది అత్తగారు. మెషీన్‌లో వేస్తే బట్ట పాడవుతుందని కూడా ఆవిడ సిద్ధాంతం. ఒళ్ళు పాడవడం గురించి ఆవిడకి సిద్ధాంతాలేం లేవు.

ఓ రోజు అలా ఉతుకుతుంటే తల బరువెక్కింది, కాళ్ళు తేలిపోయాయి, అంతే. టీ ఇంకా రాలేదేమని వెతుక్కుంటూ వచ్చి అత్తగారు తలుపు తోసిందట. టీ ఇచ్చి వెళ్ళుంటే ఈ మాటలు చెప్పడానికి నేనుండేదాన్ని కాదు.

ఆసుపత్రిలో ఆక్సిజన్ పెట్టారు. తేరుకున్నాను, ఇంటికొచ్చాను, వంటింట్లో దూరాను. అందరి ప్రాణాలూ కుదుటపడ్డాయి. నెల తిరక్కుండానే మొదలైంది. ప్రెస్‌లో ప్రూఫులు దిద్దే ఉద్యోగం నాది. ఒకే వాక్యం మళ్ళీ మళ్ళీ చదివినా, చివరికొచ్చేసరికి మొదలు జారిపోయేది. "ఇంట్లో నిద్ర చాలట్లేదా మేడమ్?" అని మేనేజర్ ఇకిలింపు. అడుగు తీసి అడుగు వేయడానికే ఆలోచించాల్సి వచ్చేది. ఓ సాయంత్రం మా వీధి మొదట్లో నిలబడి, ఇల్లు ఎటో తెలియక భయంతో ఏడ్చాను. ఇంట్లో నాదంటూ చెప్పుకోవడానికి ఏముంది, ఈ బుర్ర తప్ప? అదీ పోతే నేనేం మిగులుతాను? వీళ్ళేమో "పని ఎగ్గొట్టడానికి కొత్త నాటకం" అని తేల్చేశారు. వైద్యం చదవనివాళ్ళకి రోగం తేల్చడం ఎంత సులువో!

చివరికి మా అక్క వచ్చి గొడవపెట్టుకుంటే, ఆయన నన్ను మెదడు డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళాడు. అక్క బయట కూర్చుంది. డాక్టరమ్మ జరిగిందంతా విని, స్కాన్ చూసింది.

"గాలాడని చోట గ్యాస్ గీజర్ వదిలే ఆ కార్బన్ మోనాక్సైడ్‌కి రంగుండదు, వాసనుండదు. రక్తంలో ఆక్సిజన్ ఉండాల్సిన చోట తిష్ఠవేస్తుంది, మెదడుకి ఊపిరందదు. బాగైపోయిందనుకున్న కొన్ని వారాలకి కూడా ఇలా బయటపడచ్చు. మతిమరుపు, నడక మందగించడం, అన్నీ దానివే. చాలామంది మెల్లగా కోలుకుంటారు. ఇది నాటకం కాదు" అని, ఆయనవైపు తిరిగింది. "వెంటిలేటర్‌కి పెట్టిన అట్ట తీసేశారా?"

"లేదండీ. తీయమని ఈవిడ నాకు గుర్తుచేయాలి కదా, మర్చిపోయింది" అన్నాడు.

ఆయన మొహంలో సిగ్గుందేమోనని చూశాను. ఏ స్కాన్‌లోనూ దొరకదు. ఇన్ని రోజులూ ఆ అట్ట కిందే కూర్చుని ఈయన కాలర్లు రుద్దానన్నమాట. అసహ్యమేసింది, ఆయన మీదా, ఆ కాలర్ల మీదా.

"నేను ఇట్నుంచి ఇటే అక్క వాళ్ళింటికి వెళ్తాను. మందులు అక్కడే వాడతాను" అన్నాను. మాట తడబడలేదు.

ఆయన కంగారుపడిపోయాడు. "అదెలా కుదురుతుంది? నా బీపీ మాత్రలు, అమ్మ కంటిచుక్కలు, గ్యాస్ బుకింగు... ఇవన్నీ ఎవరికి గుర్తుంటాయి?"

నేను డాక్టరమ్మకే చెప్పాను.

"ఈయన బుర్రకి ఏ గ్యాసూ తగల్లేదు కదండీ. ఈయన్నే గుర్తుపెట్టుకోమనండి."