సోమవారం చాకిరేవు

మా పక్కింటి హెప్జిబా ప్రోసర్ భర్త ఎనక్ బండిచక్రాలు చేసే వడ్రంగి. 1911లో పెరటి కొట్టంలో యాష్ చెట్టు కర్రతో చట్రం చెక్కి, మోటారుసైకిలు ఇంజను బిగించి, మూడు చక్రాల కారు చేశాడు. పెట్టుబడి మా ఊరి డబ్బున్న దొర రూపర్ట్ గ్యాస్కిన్‌ది. ఆ కారు కొండెక్కే పందెం గెలిచిన నెలకే గ్యాస్కిన్ దగ్గరి పట్నం కిడర్‌మిన్‌స్టర్‌లో ఫ్యాక్టరీ తెరిచాడు. కారు తన బుర్రలోంచే పుట్టిందని పేటెంటు రాయించుకున్నాడు. ఎనక్‌ని గేటు దాటనివ్వలేదు.

ఎనక్ శవపేటికలు చేసుకుంటూ బతికి, ఊపిరితిత్తుల జబ్బుతో పోయాడు. మొదటి కారు మాత్రం కొట్టంలోనే ఉండిపోయింది. దాని సీటులో హెప్జిబా కోళ్లు పొదిగేవి.

1935లో ఒక శుక్రవారం గ్యాస్కిన్ స్వయంగా వచ్చాడు. లండన్ ప్రదర్శనలో పెట్టడానికి ఆ కారు కావాలన్నాడు.

"ఏం కావాలో అడుగమ్మా."

"ఏమీ వద్దు దొరా. పక్కన బోర్డు మీద 'చేసినవాడు ఎనక్ ప్రోసర్' అని రాయించు."

గ్యాస్కిన్ పకపకా నవ్వాడు. "కర్ర చెక్కినోడి పేరా? రేపు మేకులు కొట్టినోడూ అడుగుతాడు!"

హెప్జిబా కూడా నవ్వింది. "సరేలే. సోమవారం పొద్దున రా. పేపరోళ్లని కూడా తీసుకురా."

సోమవారం మా ఇద్దరికీ బట్టలుతికే రోజు. గ్యాస్కిన్ లారీతో, ఇద్దరు విలేఖరులతో దిగేసరికి కొట్టం ఖాళీ. రాగి కాగులో దుప్పట్లు కుతకుత ఉడుకుతున్నాయి. గోడకి గొడ్డలి ఆనించి ఉంది.

"కారేదీ?"

"ఇంజను శనివారమే పాత ఇనుము కొనేవాడికిచ్చేశా. మిగతాది ఇదిగో, మండుతోంది. మంచి కర్ర దొరా, పొగైనా రావట్లేదు చూడు."

"నీకు పిచ్చా! మా కంపెనీ పుట్టిందే దాంతో!"

"మరి పుట్టించినోడిని గేటు దగ్గరే తరిమేశావెందుకు?"

"ఎవరినండీ?" అంటూ ఒక విలేఖరి పెన్సిలు తీశాడు. హెప్జిబా దుప్పటి పిండుతూనే మొత్తం చెప్పింది. గ్యాస్కిన్ మెడ ఎర్రగా కందిపోయింది. గబగబా లారీ ఎక్కాడు. ఆ వారమే అంతా పేపర్లో వచ్చింది.

ఆ సోమవారం వాళ్లు వెళ్లేసరికి కారు కర్రలో ఒక్క ముక్కే మిగిలింది. దాని మీద ఎనక్ పెన్సిలుతో గీసుకున్న కొలతలున్నాయి.

"ఇదైనా దాచుకోవే," అన్నాను.

"దాస్తే దీనికోసమూ వస్తాడు," అంటూ పొయ్యిలోకి తోసింది.

తరువాత గడప మీద కూలబడింది. ఆ దుప్పట్లు నేనే ఆరేశాను.