వేళ్ళకు తగిలే వాన

చూపులేని పిల్లల కోసం వాన మీద ఒక బొమ్మల పుస్తకం వేయాలని ఆమె పూనుకున్నప్పుడు, ప్రెస్సు యజమాని మొహమ్మీదే అనేశాడు. "నలుగురూ నాలుగు ఊళ్ళలో కూర్చుని, ఫోన్లలో మొహాలు చూసుకుంటూ చేసే పనేనా ఇది?"

ఆమెది చిన్న ప్రచురణ సంస్థ. బొమ్మలు వేసేది తమ్ముడి భార్య. పుస్తకాలు కుట్టి అట్టలు వేసేది బాబాయి. పేజీలు తడిమి బాగోగులు చెప్పేది అంధుల బడిలో పనిచేసే టీచరు. ఆవిడకూ పుట్టుకతో చూపు లేదు. నలుగురూ వారానికోసారి వీడియో కాల్‌లో కలిసేవారు.

చెట్టు, గొడుగు, కప్ప బాగానే కుదిరాయి. వాన దగ్గరే బండి మొరాయించింది. మరదలు జిగురు చుక్కలు అద్ది నమూనా పంపింది. టీచరు తడిమి చూసి పెదవి విరిచింది.

"మీ కళ్ళకి వానేమో గానీ, నా వేళ్ళకి ఆవాలు ఒలికినట్టుంది."

దారాలు అంటించి పంపితే, చీర అంచులా ఉందంది.

ఆ తర్వాతి కాల్‌లో బాబాయి విసుగెత్తి, "వాన తీసేసి ఎండ పెడితే పోలా?" అన్నాడు. ఎవరూ నవ్వలేదు.

"టీచర్ గారూ, వాన అంటే మీకు ముందు ఏం తెలుస్తుంది?" అని ఆమె అడిగింది. పంపినవి బాగున్నాయా అని అడగడమే తప్ప, ఇంతకాలం ఈ ప్రశ్నే వేయలేదని అప్పుడు తట్టింది.

"చప్పుడండి. తడి ఆ తర్వాతే. ముందు ఎక్కడో దూరంగా మొదలై..." టీచరు ఆగిపోయింది. "ఒక్క నిమిషం. ఆ చప్పుడు ఎవరింట్లో?"

మరదలు నాలిక కరుచుకుంది. ఆలోచనలో పడి దువ్వెన పళ్ళ మీద గోరు గీస్తోంది. "సారీ అండీ, నేనే. మైకు ఆపేస్తాను."

"ఆపకండి. మళ్ళీ గీయండి. మెల్లగా... ఇప్పుడు గబగబా."

"అందరూ దువ్వెనలు తెచ్చుకోండి," అంది ఆమె.

"నా తలకి దువ్వెనతో ఏం పనమ్మా," అంటూ బాబాయి బట్టతల నిమురుకుంటూనే లేచి, పిన్ని దువ్వెన పట్టుకొచ్చాడు.

నాలుగిళ్ళలో నాలుగు గోళ్ళు కదిలాయి. ఫోన్లలోంచి సన్నటి జల్లు మొదలై, ముసురై, జోరందుకుంది. టీచరు మొహం వెలిగిపోయింది. "ఇది వాన. వేలికీ, చెవికీ కూడా."

ఇక మాటలు ఒకరి మీద ఒకరు పడ్డాయి. దళసరి అట్టని నొక్కితే పళ్ళలాంటి గీతలు లేస్తాయన్నాడు బాబాయి. జల్లుకి ఎడం ఎడంగా, కుండపోతకి దగ్గర దగ్గరగా ఉండాలంది టీచరు.

"ఏటవాలుగా వేద్దాం వదినా, గాలివాన కూడా వచ్చేస్తుంది," అంది మరదలు.

మొదటి అట్ట మెత్తబడి మూగదైపోయింది. రెండోది మరీ బిరుసై గోరు విరిచింది. మూడోదాన్ని బాబాయి ఫోను దగ్గర గీసి వినిపించగానే టీచరు చప్పట్లు కొట్టింది.

అచ్చయ్యాక ప్రెస్సు యజమాని ఆ పేజీని వదలకుండా గీస్తూ నిలబడ్డాడు. "ఎవరిదండీ ఈ ఐడియా?"

ఆమె నిజంగానే ఆలోచించింది. ఎంత వెతికినా ఒక్క పేరు తేలలేదు. "ఆ రోజు కాల్‌లో ఉన్న నలుగురిదీ," అంది తలెత్తి.

అట్ట మీద నాలుగు పేర్లూ ఒకే సైజులో వేయించింది. టీచరు మొహమాటపడింది. "నేను తడిమి చెప్పడం తప్ప ఏం చేశానండీ?"

"మీరు వినకపోతే అది ఉత్త దువ్వెనే కదండీ."

పుస్తకాలు బడికి చేరిన రోజు టీచరు తరగతిలోంచే వీడియో కాల్ చేసింది. ముందు వరసలో ఒక పాప పేజీ మీద గోరు పరుగెత్తించి, ఉన్నట్టుండి చెయ్యి ఎత్తేసింది. గదంతా చెవులొగ్గింది.

"వాన నేనే ఆపాను," అని ప్రకటించింది పాప.

"సరే, మళ్ళీ కురిపించు మరి," అంది టీచరు.

మరదలు కళ్ళు తుడుచుకుంది. ఆమె కుర్చీలో నిటారుగా కూర్చుంది. బాబాయి మాత్రం తల వెనక్కి తిప్పి, "ఏమేవ్, ఓసారి ఇలా రా. మేం చేసిన పుస్తకం చూడు," అని పిన్నిని కేకేశాడు.