మాస్టారి ఈల

కిటికీ సందులోంచి గాలి... సన్నగా, ఈల వేసినట్టు.

క్లాసు కిటికీలో ఆ సందు పూడ్చమని ఆమె ఇరవై ఆరేళ్లుగా అడుగుతూనే ఉంది. ఎవరూ పూడ్చలేదు. ఈ రోజు తనే ఒక కాగితం మడిచి అందులో కుక్కింది.

ఈల ఆగింది. భయం మాత్రం పోలేదు.

పది గంటలకు తనిఖీ చేసే ఆవిడ వస్తుంది. ఇటలీ నుంచి — పాఠం వినడానికి. ఆవిడ బాగుందని రాస్తే ఈ భాషల బడిలో ఇటాలియన్ విభాగం ఉంటుంది. లేదంటే ఈ గదికి తాళం, ఈమె ఇంటికి.

ఇరవై ఆరేళ్లు ఆ భాషే చెప్పింది. ఆ భాషలోనే కలలు కన్నది. ఆ దేశం మాత్రం చూడలేదు. వెళ్దామనుకున్న ప్రతిసారీ ఏదో ఒకటి — అమ్మ జబ్బు, పరీక్షలు, మళ్లీ అమ్మ.

"చూడని ఊరికి దారి చెప్తావేంటక్కా," అంటాడు తమ్ముడు. ఎప్పుడూ నవ్వేసేది. ఈ పొద్దున నవ్వు రాలేదు.

భయం దేశం చూడనందుకు కాదు.

భయం — ఈల గురించి.

ఆమెకు ఆ భాష నేర్పింది మాస్టారు. అప్పటికే ఆయనకు ముందు పళ్లు రెండూ లేవు. కట్టించుకోమంటే, ఈ వయసులో నాకెందుకమ్మా అనేవారు. ప్రతి 'స' వెంటా ఆ సందులోంచి చిన్న ఈల. భాషే అంత కాబోలు అనుకుంది. శ్రద్ధగా నేర్చుకుంది. రోజూ అద్దం ముందు నిలబడి మరీ.

మాస్టారు పోయాక ఇటలీవాళ్ల రికార్డింగులు విన్నది. ఎవరి నోటా ఈల లేదు.



అప్పటికే నాలుక ఆ ఈలకే అలవాటు పడిపోయింది. అప్పటికే విద్యార్థులకూ నేర్పేసింది... ఎవరికీ తెలియనివ్వలేదు.

పది గంటలు.

ఆవిడ వెనక బెంచీలో కూర్చుంది. పెన్ను తీసింది.

తొమ్మిది మంది విద్యార్థులు. ముందు నర్సు చదివింది — ఈల. టైలరు చదివాడు — ఈల. రిటైరైన పోస్ట్‌మ్యాన్ చదివాడు — ఇంకాస్త పెద్ద ఈల.

అందరివీ గట్టి పళ్లే. గాలి మాత్రం బోసినోటిది.

ఆవిడ పెన్ను ఆగింది. నెమ్మదిగా, తన భాషలోనే అడిగింది.

"మీరంతా ఒకే ముసలాయనలా మాట్లాడుతున్నారు. ఎవరాయన?"

ఏదైనా చెప్పొచ్చు. పాత టేపుల్లో అలాగే ఉందనొచ్చు. వీళ్లు కొత్తవాళ్లనొచ్చు. తొమ్మిది మొహాలు ఆమె వైపే చూస్తున్నాయి.

మాస్టారు గుర్తొచ్చారు. ఏడుపొచ్చింది.

పొద్దుటి నుంచి పళ్ల వెనక బిగబట్టిన గాలిని వదిలేసింది. ఈల ఈలగానే, ఆ భాషలోనే చెప్పింది —

"మా మాస్టారు. ఆయనకు ముందు పళ్లు లేవు. ఈ తప్పు ఆయనది కాదు, నాది."

ఆవిడ తల వంచి రాయడం మొదలుపెట్టింది. చాలాసేపు రాసింది. ఏం రాస్తోందో ఇక్కడికి కనిపించదు.

కుక్కిన కాగితం జారి కింద పడింది.

కిటికీ సందులోంచి గాలి... సన్నగా.

ఆమె లేచి మూయలేదు.