పుర్రచేతి మర

పొద్దున ఎనిమిదింటికి షేర్ ఆటో దిగి అంతోనయ్య షెడ్డు గేటు తీస్తే ఒక చప్పుడొస్తది. ముందు గొళ్ళెం కిర్రుమంటది, ఎనక రేకు ఠంగుమంటది. అందరూ కుడిచేత్తోనే లాగుతరు కాబట్టి అందరికీ అదే చప్పుడు. రాజ్యశ్రీది పుర్రచెయ్యి. ఆమె ఎడమచేత్తో లాగితే ముందు రేకు మోగుతది, ఎనక గొళ్ళెం.

ఆమె పనిలో చేరిన మొదటిరోజు ఆ చప్పుడు ఇని, లోపల బల్ల కాడ కూసున్న జమ్లి దిగ్గున లేచి నిలబడ్డది. ఒళ్ళో ఉన్న ప్లాస్టిక్ డబ్బీలన్నీ నేల మీద దొర్లినయ్. వచ్చింది జీన్సు ప్యాంటేసుకున్న ఆడపిల్ల అని చూసి, వంగి డబ్బీలు ఏరుకున్నది. టీ తాగేటప్పుడు చెప్పింది.

"మా ఇంటాయనది గూడ పుర్రచెయ్యే. మా ఇంటి గొళ్ళెం గూడ గిట్లనే మోగేది."

ఆనాటి నుంచి రోజూ రాజ్యశ్రీ గేటు తీసినప్పుడల్లా జమ్లి తల లేస్తది, మళ్ళ వంగుతది. తెలిసి తెలిసి లేస్తది.

షెడ్డు ఖానాపురం హవేలిలో, పాత జిన్నింగ్ మిల్లు ఎనక ఉంటది. అక్కడ చేసేది పసుపుపచ్చ డబ్బీలు, నిమ్మకాయకన్న కొంచెం చిన్నయి. లోపల ఒక కప్పో, ఒక ఈలో, ఒక బుల్లి లారీయో పెట్టి మూసి పంపితే, చాక్లెట్ వాళ్ళు దాని చుట్టూ చాక్లెట్ పోసి గుడ్డులెక్క చేసి దుకాణాలకు ఏస్తరు. డబ్బీ ఎట్లుండాలె, మూత ఎట్ల కూసోవాలె అని కంప్యూటర్ల గీసేది రాజ్యశ్రీ. మధిర పిల్ల. డిప్లొమా నడిమిట్ల ఇడిసిపెట్టి, హైదరాబాదుల ప్లాస్టిక్ అచ్చులు, అదే డైలు, కొట్టే షాపుల్లో తిరిగి నేర్చుకున్నది.

అంతోనయ్య మెడలో రెండుంటయ్. ఒకటి మరియమ్మ పతకం, రెండోది చిన్న స్టీలు గొట్టం. మూడేండ్ల లోపు పిల్ల గొంతు ఎంతుంటదో ఆ గొట్టం అంతుంటది. కొత్త డబ్బీ ఏదొచ్చినా, మూత ఒకసారి, అడుగు ఒకసారి ఆ గొట్టంలో ఏసి చూస్తడు. పడలేదంటే పాస్. "బొమ్మ ఎట్లున్నా సరే, గొంతుల పడొద్దు," అంటడు. ఇంకేం చూడడు.

ఆ డబ్బీల సంగతి ఖమ్మంల అందరికీ తెలిసిందే. మూసేటప్పుడు మూసినోళ్ళ నోట్లె ఏ మాట ఉంటే ఆ మాట లోపల ఉండిపోతది. తెరిస్తే ఒక్కసారి ఇనపడ్తది, అంతే. క్రిస్మస్ ముందు అంతోనయ్య భార్య విశ్రాంతమ్మ సాయం పట్టినందుకు వైరా పిల్లలు సగం జపం నేర్చుకున్నరు. బల్ల కాడ పనిచేసే ఉషారాణి తన అత్తను తిట్టిన తిట్లు కల్లూరు బడిదాక పోయినయ్. అప్పటిసంది డబ్బీ మూసేటప్పుడు ఎవరూ మాట్లాడొద్దని అంతోనయ్య రూలు పెట్టిండు. జమ్లిని ఒక్కదాన్నే ఏమనలేదు. ఆమె మాట పిల్లలకు అలవాటైపోయింది.

"ఏమయ్యా, యాడున్నవ్?"

ఆమె అడిగేది అదొక్కటే. పిల్లలు చాక్లెట్ తిని డబ్బీ తెరిచి, ఆ గొంతు ఇని, మంచం కింద అనో, ట్యూషన్ల ఉన్న అనో జవాబు చెప్పి బొమ్మతోని ఆడుకుంటరు.

ఆమె అడిగేది పిల్లల్ని కాదు, హీరాలాల్‌ని. మూడేండ్ల కింద బోరు బండి మీద పనికని ఛత్తీస్‌గఢ్ దిక్కు పోయిండు. ఆర్నెల్లు ఫోన్లు చేసిండు, తర్వాత ఆగిపోయినయ్. టేకులపల్లి కాడ తండాలో బావ ఇంట్ల ఉండి ఉండి, మాటలు పడలేక జమ్లి ఖమ్మం వచ్చి ఈ పనిల చేరింది. పాత సిమ్ము పోయింది, కొత్తది తీసుకున్నది. మొగుని పేరు నోటితో చెప్పడం వాళ్ళల్ల లేదు. అందుకే ఏమయ్యా అనే అడుగుతది. తండా మాటలో కాకుండ తెలుగులో ఎందుకడుగుతవ్ అంటే, ఇన్నోళ్ళు ఆయనకు చెప్పాలె గదా అంటది.

డబ్బీ మాత్రం నొక్కుడు మూతది. మాట నాలుగు రోజులకు మించి ఆగదు, సందుల్లోంచి కారిపోతది. ఖమ్మంలో నిండుగ ఇనపడే మాట, టేకులపల్లి చేరేసరికి సగమైతది. భద్రాచలంలో తెరిస్తే ఉత్త ఊపిరి. గోదావరి దాటినంక అదీ ఉండదు.

సంక్రాంతి ఎల్లిన వారం జమ్లి తండాకు పోయి వచ్చింది. హీరాలాల్ అన్న పెద్దమనుషుల్ని కూసోబెట్టిండట. తమ్ముడు బతికి లేడు, పోడు భూమి పట్టా తన పేరున మారాలె, ఆమె గాజులు తియ్యాలె అన్నడట. జమ్లికి మోచేతి పైదాక తెల్ల గాజులుంటయ్, మొగుడున్నోళ్ళు ఏసుకునేయి. హోలీ అయినంక వచ్చే ఆదివారం దాకా గడువిచ్చిండ్రు. అప్పటికి ఆయన కబురేదీ రాకుంటే గాజులు తీసుడే.

ఇదంతా చెప్పి, ఒక డబ్బీ తీసి రాజ్యశ్రీ ముందర పెట్టింది.

"కుంట దాకా మాట ఆగే మూత గియ్యి బిడ్డా."

కుంట అంటే ఛత్తీస్‌గఢ్ మొదలయ్యే కాడ. దుకాణాలకు చాక్లెట్లు ఏసే వ్యాను లైను ఆడిదాకనే పోతది.

రాజ్యశ్రీ ముందు సబ్బు బిళ్ళలు చెక్కి చూసుకున్నది. నొక్కుడు మూత లాభం లేదు, మర మూత కావాలె అనుకున్నది. ఒకటిన్నర చుట్టు తిరగాలె, అంతకు మించితే పిల్లల చేతులు నొస్తయ్. మూత అంచు లోపల ఎంట్రుకంత గాడి. నమూనా వచ్చినంక జమ్లి సోమవారం కొన్ని మూసింది. రాజ్యశ్రీ రోజుకొకటి తెరుస్త పోయింది. తొమ్మిదో రోజు గూడ మాట పెనం మీంచి అప్పుడే తీసిన రొట్టెలెక్క ఉన్నది. అంతోనయ్య మూతను గొట్టంలో ఏసిండు, అడుగును ఏసిండు. పడలేదు. డై హైదరాబాదులో కొట్టించి మిషనుకు ఎక్కించిండ్రు. డబ్బీలు లైనంతా పోయినయ్.

మూడో వారం లైను వ్యాను నడిపే కోటేష్ సంచులు తెచ్చి షెడ్డు నడిమిట్ల పడేసిండు.

"ఏం మూత చేసినవ్ తల్లీ. కుంటలో ఒక పెద్దాయన పన్ను ఊడింది."

పిల్లలు చాక్లెట్ తింటున్నరట. డబ్బీ మాత్రం తెరుచుకోట్లేదు. కత్తిపీటతో, తలుపు సందులో పెట్టి, రాయితో, అన్నీ చేసిండ్రట. దుకాణాలోళ్ళు పిల్లలకు వేరేవి ఇచ్చి, ఇవన్నీ సీసాల్లో పోసి పెట్టి కోటేష్ మొహాన కొట్టిండ్రు. ఏ ఊరివి ఎన్నో గూడ తెలవదు, అన్నీ కలిపి సంచుల్లో పోసుకొచ్చిండు.

రాజ్యశ్రీ ఒకటి తీసుకొని తిప్పింది. లేత కాయ తుంచినట్టు వచ్చేసింది. ఏమయ్యా, యాడున్నవ్ అన్నది డబ్బీ. కోటేష్ ఇంకోటి తీసుకొని తిప్పితే ఇంకింత బిగుసుకున్నది. అప్పుడు ఆమె తన చేతిని చూసుకున్నది. తన ఎడమచెయ్యి ఎటు తిరుగుతదో మర అటే గీసింది. తెరిచి చూసింది తనే. అంతోనయ్య చూసేది గొంతొక్కటే, జమ్లి ఆమె చూపిన తీరుగ మూసుడే గాని తెరిచేది లేదు. చిన్నప్పుడు మధిరలో నాయనమ్మ రాఘవమ్మ అన్నం కాడ ఆ చెయ్యిని తువ్వాలతో నడుముకు కట్టేసేది. ఇన్నేండ్లకు అది పగ తీర్చుకున్నది.

అంతోనయ్య కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నడు. పాత డై మళ్ళ ఎక్కించుమన్నడు, వచ్చినయన్నీ గ్రైండర్లో ఏసి మళ్ళ కరిగించే ప్లాస్టిక్ దాణా చెయ్యమన్నడు. "నేను మానేస్తానండీ" అని రాజ్యశ్రీ అంటే, ముందు ఇవన్నీ రుబ్బినంక మాను అన్నడు.

రుబ్బే పని జమ్లి తీసుకున్నది. గ్రైండర్ కాడ స్టూలేసుకొని, ఒక్కొక్క డబ్బీని చెవి కాడ పెట్టి ఊపి, లోపలేస్తది. తెరవదు. తెరిస్తే ఏమున్నది, తన గొంతే. మరి ఊపుడెందుకక్కా అని రాజ్యశ్రీ అడిగితే, "అందరికీ రాదంటివి గదా. ఆయనకొస్తది," అన్నది.

రెండు రోజులు అన్నీ ఒక్కతీరే చప్పుడైనయ్. కప్ప, ఈల, లారీ. మూడో రోజు పగటేళ ఒకటి వేరే తీరు మోగింది. బరువుగ, టక్కుమని. జమ్లి గ్రైండర్ బంద్ చేసింది. మూత తను బిగించేదానికంటే ఎక్కువ బిగిసి ఉన్నది, ఎవరో తెరిచి మళ్ళ మూసినట్టు. అంచు గాడిలో బూడిదరంగు పొడి ఇరుక్కున్నది. బోరు ఏసేటప్పుడు రాయి లేచి ఒంటినిండ పడే పొడి అది. ఆయన బట్టలు ఉతికినోళ్ళకు తెలుస్తది.

"తెరువక్కా," అన్నది రాజ్యశ్రీ.

"ఒక్కసారే ఇనపడ్తది."

"అందుకే, తెరువు."

"ఆయన రానంటే?" అన్నది జమ్లి. "ఈడ ఇంటే నేనొక్కదాన్నే ఇంట. ఆడ నన్నెవడు నమ్ముతడు?"

డబ్బీని కొంగున ముడేసుకున్నది. హోలీ దాకా ఆ ముడితోనే పన్నది, లేచింది. ఎప్పుడన్న చెవి కాడ పెట్టుకొని ఊపుకునేది.

ఆ ఆదివారం జమ్లి, రాజ్యశ్రీ, కోటేష్ ముగ్గురూ వ్యాన్లో తండాకు పోయిండ్రు. గుడి ముందర రేకుల కింద పెద్దమనుషులు కూసున్నరు. హీరాలాల్ అన్న చానసేపు మాట్లాడిండు. బతికున్నోడు రెండున్నరేండ్లు ఫోన్ చెయ్యకుండ ఉంటడా అన్నడు. తమ్ముని తలుచుకొని కండ్లు గూడ తుడుచుకున్నడు. జమ్లి ముడి ఇప్పి డబ్బీని తండా పెద్ద నాయక్ ముందర పెట్టింది. ఆయన తిప్పి చూసిండు, రాలేదు. పక్కోళ్ళు చూసిండ్రు. అన్న పళ్ళతో పట్టి లాగిండు.

"దీంట్ల ఏముంటది. ఆమె గొంతే ఉంటది," అని చాప మీదికి ఇసిరిండు.

జమ్లి తీసుకున్నది. ఎడమచేతిలోకి మార్చుకొని తిప్పింది.

ముందు దూరంగ బోరు మిషను ఆగిన చప్పుడు ఇనపడ్డది. తర్వాత దగ్గు. ఆ దగ్గు ఇని నాయక్ తల్లి, గుడి మెట్టు మీద కూసున్న ముసలామె, ఇది మన హీరాలాల్ దగ్గే అన్నది. అప్పుడొచ్చింది మాట.

"జమ్లీ. ఇల్లిడిసి పోయినవని అన్న చెప్పిండు. యాడున్నవ్?"

అంతే. డబ్బీలోంచి నల్లరాయి ముక్క జారి చాప మీద పడ్డది.

ఎవరూ అన్న దిక్కు చూడలేదు. చూడాల్సిన పని లేకపోయింది. ఆయన చెప్పులు ఏసుకొని, ఎడమది కుడికాలికేసుకొని, అట్లనే పోయిండు. గాజులుంటయ్, పట్టా ఎవరి పేరున ఉన్నదో వాళ్ళ పేరునే ఉంటది అని నాయక్ చెప్పిండు. అన్న భార్య చెంబుతో నీళ్ళు తెచ్చి జమ్లికిచ్చింది. మొహం చూడలేదు.

వచ్చేటప్పుడు ఇల్లందు దాటేదాకా జమ్లి రాయిని గుప్పిట్లో పట్టుకొని కిటికీ దిక్కు కూసున్నది.

"ఇన్ని డబ్బీలల్ల అడిగిన," అన్నది. "యాడున్నవ్, యాడున్నవ్ అని. నేను యాడున్ననో ఒక్కదాంట్ల చెప్పకపోతి."

ఆ మాటకు కోటేష్ బండి స్లో చేసిండు. ఎందుకు చేసిండో ఆయనకే తెలవదు.

తెల్లారి రాజ్యశ్రీ అంతోనయ్య ముందర నిలబడి, ఆ తప్పు డైని ఇంకొక్కసారి నడిపిద్దాం అన్నది. ఎవరికీ తెరుచుకోని డబ్బీ ఎవనికమ్మా అన్నడాయన. తెరిచేవాళ్ళు ఒకళ్ళున్నారుగా అన్నది. అంతోనయ్య మూత తీసుకొని మెడలో గొట్టంలో ఏసిండు. అడుగు గూడ ఏసిండు. చూసిందే మళ్ళ చానసేపు చూసిండు.

"గొంతుల పడట్లే," అన్నడు. "నడిపియ్యి."

జమ్లి బల్ల కాడ కూసున్నది. ఒక చేతిలో అడుగు, ఒక చేతిలో మూత. మొగుని పేరు నోట్లెకు రాక మూత రెండుసార్లు పెట్టి తీసింది. ఉషారాణి వాళ్ళు కొంగులు అడ్డం పెట్టుకొని చూస్తున్నరు. ఆఖరికి చెప్పింది, బడిలో పిల్ల పాఠం అప్పజెప్పినట్టు.

"హీరాలాల్. నేను జమ్లిని. యాడికీ పోలే. ఖమ్మంల ఉన్న. ఖానాపురం హవేలి, పాత జిన్నింగ్ మిల్లు ఎనక షెడ్డు."

మూత తిప్పింది. ఇంకోటి తీసుకున్నది.

ఆ డబ్బీలు కుంటదాక పోయినయ్. దుకాణాలోళ్ళు మళ్ళ తిట్టిండ్రు. కాని ఈసారి ఊరూరికీ ఒకరో ఇద్దరో పిల్లలు దొరికిండ్రు. అన్నం ఎడమచేత్తో తింటవా అని రోజూ దెబ్బలు తినే పిల్లలు. వాళ్ళను పిలిచి కౌంటర్ మీద కూసోబెట్టి, తిప్పు నాన్నా అని డబ్బీలు చేతికిచ్చిండ్రు. వాళ్ళు తిప్పిండ్రు. టేకులపల్లిలో, భద్రాచలంలో, చింతూరులో, కుంటలో జమ్లి అడ్రసు చిన్న పిల్లలకు గూడ నోటికొచ్చింది. బోరు బండి ఏది ఆగినా ఎనకబడి, మీలో హీరాలాల్ ఎవరు అని అడిగేటోళ్ళు. ఏ బండ్లోనూ ఆయన లేడు.

ఎండలు ముదిరినయ్. మృగశిర కార్తె వచ్చింది, వానలు మొదలైనయ్. వానలు పడితే బోరు బండ్లు ఆగుతయ్. పనోళ్ళు ఇండ్లకు మళ్ళుతరు. జమ్లి రాయి ముక్కను బల్ల మీద, బొమ్మల డబ్బా పక్కన పెట్టుకున్నది. పాత డై మిషను మీదికెక్కింది, పని పనిలెక్క నడుస్తున్నది.

ఒకనాడు పొద్దున ముసురు పట్టింది. ఆటోలు దొరకవని రాజ్యశ్రీ జల్దీ వచ్చి, జమ్లి పక్కన స్టూలు మీద కూసొని తడిసిన జుట్టు పిండుకుంటున్నది. అంతోనయ్య దాణా సంచి ఇప్పుతున్నడు. గేటు కాడ ఎవరో వచ్చిండ్రు.

ముందు రేకు మోగింది. ఎనక గొళ్ళెం.

జమ్లి తల లేచింది. రోజూ లెక్క మళ్ళ వంచబోయి, పక్కన కూసున్న రాజ్యశ్రీని చూసింది.